పిల్లల వికాసం గురించి చదివినదాన్ని పాఠ్యపథకంలో ఎలా వాడుకోవాలి?

ప్రశ్న:
నేను రెండో తరగతికి గణితం బోధిస్తున్నాను. 42లోంచి 17 తీసివేయమంటే చాలామంది పిల్లలు 35 అని రాస్తున్నారు. అప్పు తెచ్చుకునే పద్ధతిని ఎన్నిసార్లు చూపినా మరుసటి రోజుకు మళ్లీ అదే జవాబు వస్తోంది. శిక్షణలో పిల్లల ఆలోచన ఎదిగే తీరు గురించి మనోవైజ్ఞానికుడు పియాజే చెప్పిన దశలు చదువుకున్నాను కానీ, ఏడేళ్ల పిల్లలు మూర్త ప్రచాలక దశలోకి (కళ్లెదుట ఉన్న వస్తువుల ఆధారంగా తర్కించగలిగే దశ) వస్తారని తెలిసినంత మాత్రాన రేపటి పాఠం ఎలా నడపాలో తెలియడం లేదు. అనుభవజ్ఞులు దయచేసి చెప్పగలరు.

మొదటి సమాధానం:
ముందు ఆ 35ను శ్రద్ధగా చూడండి. రెండులోంచి ఏడు పోదు కనుక పిల్లలు ఏడులోంచి రెండు తీసి 5 వేశారు, నాలుగులోంచి ఒకటి తీసి 3 వేశారు. అంటే వారి దృష్టిలో 42 పక్కపక్కన ఉన్న రెండు విడి అంకెలు. ఒక పది అంటే పది ఒకట్లు కూడా అన్నది మనసులో స్థిరపడనంత వరకు అప్పు తేవడం వారికి ఒక తంతుగానే మిగులుతుంది. పుల్లలను పదేసి చొప్పున కట్టలు కట్టి, ప్రతి జట్టుకూ నాలుగు కట్టలు, రెండు విడి పుల్లలు ఇచ్చి, అందులోంచి 17 మీకు ఇవ్వమనండి. ఒక కట్ట ఇచ్చాక ఇంకా ఏడు కావలసి, చేతిలో రెండే ఉన్నప్పుడు ఎవరు కట్ట విప్పుతారో, ఎవరు ఆగిపోతారో, ఎవరు రెండో కట్ట కూడా ఇచ్చేసి మూడు పుల్లలు వెనక్కి అడుగుతారో గమనించండి (ఈ చివరివారి ఆలోచన చాలా చక్కనిది, దయచేసి దాన్ని సరిదిద్దకండి). చేతితో చేయడం, బొమ్మ గీయడం, అంకెల్లో రాయడం అని మనోవైజ్ఞానికుడు బ్రూనర్ చెప్పిన మూడింటినీ మూడు రోజుల పాఠాలుగా విడగొట్టవద్దు. కట్ట విప్పిన వెంటనే దాన్ని పక్కనే అంకెల్లో రాయించకపోతే పుల్లల లెక్క వేరు, నోటుపుస్తకంలో లెక్క వేరు అని పిల్లలు అనుకుంటారు.

రెండో సమాధానం:
పై మాటతో పూర్తిగా ఏకీభవిస్తాను. అయితే దశల వయసులను ‘ఈ వయసుకు ఇది రాదు’ అన్న తీర్పుగా తీసుకోకూడదు. 1974లో మనోవైజ్ఞానికులు మెక్‌గారిగల్, డొనాల్డ్‌సన్ చేసిన ప్రయోగంలో, సమానంగా వస్తువులు పేర్చిన రెండు వరసల్లో ఒకదాన్ని పెద్దవారు జరిపినప్పటి కంటే, అల్లరి ఎలుగుబంటి బొమ్మ చెదరగొట్టినట్టు చూపినప్పుడు 4 నుంచి 6 ఏళ్ల పిల్లల్లో చాలా ఎక్కువమంది సంఖ్య మారలేదని సరిగ్గా చెప్పారు. కాబట్టి ఒక పిల్లవాడికి రాదని నిర్ణయించే ముందు అదే ప్రశ్నను మరో తీరులో అడిగి చూడండి. ఒంటరిగా చేయలేనిది కాస్త సాయంతో చేయగలిగితే బోధనకు అదే సరైన చోటని మనోవైజ్ఞానికుడు వైగోట్‌స్కీ అన్నది ఇక్కడే పనికివస్తుంది. ఆగిపోయిన పిల్లవాడిని ఏమి అడగాలో నేను పాఠ్యపథకంలోనే రాసుకుంటాను. ‘కట్టలో ఎన్ని ఉన్నాయి?’ అన్న ఒక్క ప్రశ్నకే కదిలే పిల్లలు చాలామంది ఉంటారు.

ప్రశ్న అడిగినవారు:
ఇద్దరికీ కృతజ్ఞతలు. ఇప్పటికే సరిగ్గా చేస్తున్న పిల్లలకు ఆ సమయంలో ఏ పని ఇవ్వాలి?

మొదటి సమాధానం ఇచ్చినవారు:
ఇంకా పెద్ద సంఖ్యలు ఇవ్వకండి. జవాబు 35 అని వేసిన లెక్కనే ఇచ్చి, అది ఎందుకు కుదరదో పుల్లలతో చూపమనండి. 35కు 17 కలిపితే 52 అవుతుందని వారిలో ఎవరో ఒకరు కనిపెడతారు.