ప్రొవిజనల్ ఆఫర్ వచ్చింది, మెడికల్ ఇంకా కాలేదు. మా సార్‌కి ఎప్పుడు చెప్పాలి?

లావేరు కెమిస్ట్ (మే 4)

అందరికీ నమస్కారం. మాది లావేరు మండలం. పైడిభీమవరంలో ఒక ఫార్మా కంపెనీ క్యూసీ (మందుల నాణ్యత పరీక్షించే) ల్యాబ్‌లో ఎనలిస్ట్‌గా చేస్తున్నాను. ఎచ్చెర్ల అంబేడ్కర్ యూనివర్సిటీలో ఎమ్మెస్సీ ఆర్గానిక్ కెమిస్ట్రీ అవగానే 2021 సెప్టెంబరు 20న ఇక్కడ చేరాను. ఇదే నా మొదటి ఉద్యోగం. అందుకే ఉద్యోగం మారడం అంటే ఏటో, ఎలాగో నాకు తెలీదు.

గురువారం సాయంత్రం పరవాడ ఫార్మాసిటీలో ఇంకో కంపెనీ నుంచి మెయిల్ వచ్చింది. సీనియర్ ఎనలిస్ట్ పోస్టు. ఇప్పుడు చేతికి వస్తున్నదాని మీద నెలకి 11 వేలు ఎక్కువ. మా నాన్నకి చదివి వినిపించాను, ఆయన రెండుసార్లు చదివించుకున్నారు. కానీ పైన "ప్రొవిజనల్ ఆఫర్" అని ఉంది. కింద మూడు షరతులు. మెడికల్‌లో ఫిట్ అని రావాలి (ఛాతీ ఎక్స్‌రే, రక్తం, రంగులు గుర్తుపట్టే కంటి పరీక్ష). చదువు సర్టిఫికెట్లు సరైనవేనని యూనివర్సిటీ నుంచి తేలాలి. ఇప్పటి కంపెనీ నుంచి రిలీవింగ్ లెటర్ (పని నుంచి వదిలేశామనే కాగితం) తేవాలి. వీటిలో ఏది తేడా వచ్చినా ఆఫర్ రద్దు చేస్తారట. జూలై 20న చేరమన్నారు. నా నోటీస్ పీరియడ్ 60 రోజులు, అంటే మే 20 దాటకుండా రిజైన్ పెట్టాలి.

నా బాధంతా మా సార్ గురించే. చేరిన కొత్తలో హెచ్‌పీఎల్‌సీ (మందులో ఏది ఎంత ఉందో కొలిచే యంత్రం) ముట్టుకోవాలంటే చేతులు వణికేవి. పంపులోకి గాలి బుడగ వెళ్తే ప్రెజర్ ఎలా ఊగుతుందో, గ్రాఫ్‌లో పీక్ ఎందుకు చీలుతుందో, రీడింగ్ తప్పొస్తే దాచకుండా ఎలా రాయాలో అన్నీ ఆయన పక్కన నిలబడి నేర్పినవే. మా అమ్మ ఆపరేషన్‌కి శ్రీకాకుళంలో 12 రోజులు ఉండిపోతే నా షిఫ్టులు ఆయనే సర్దారు. జూలైలో ఆడిట్ ఉంది. స్టెబిలిటీ శాంపిళ్ల (మందు ఎన్నాళ్లు పాడవకుండా ఉంటుందో చూసేవి) పని మొత్తం నా చేతిలో ఉంది. ఆ పరీక్ష మెథడ్ల మీద ఇంకొకరికి క్వాలిఫికేషన్ చేయించాలంటే ఎంత లేదన్నా నెలన్నర పడుతుంది. ఇప్పుడే చెప్తే ఆయన మనిషిని తయారు చేసుకుంటారు. చెప్పాక ఈ ఆఫర్ పోతే? ఇంక్రిమెంట్ లెటర్లు ఈ నెలాఖరుకే వస్తాయి.

ఇంకా రెండు సంగతులున్నాయి. యూనివర్సిటీది నా దగ్గర ప్రొవిజనల్ సర్టిఫికెట్ మాత్రమే ఉంది, ఓడీ (ఒరిజినల్ డిగ్రీ) తీసుకోలేదు. గ్రాట్యుటీకి (5 ఏళ్లు చేసి వెళ్లేవాళ్లకి కంపెనీ ఇచ్చే డబ్బు) కావాల్సిన 5 ఏళ్లు సెప్టెంబరు 20కి గాని నిండవు. నా బేసిక్ 14,000.

ల్యాబ్‌లో ఎవరినీ అడగలేను. కంపెనీ బస్సులో ఒక మాట అంటే రణస్థలం దాటేలోపు డిపార్ట్‌మెంట్ అంతా తెలిసిపోతుంది. ఎప్పుడు చెప్పాలో మీరే చెప్పండి.

బొబ్బిలి ఫర్నేస్

చెల్లీ, ఇప్పుడే చెప్పకు.

నేను బొబ్బిలి గ్రోత్ సెంటర్‌లో ఫెర్రో కంపెనీలో షిఫ్ట్ ఇన్‌ఛార్జిని. నాలుగేళ్ల కిందట రాయపూర్ వైపు ఒక ప్లాంటోళ్లు ఫోన్ చేసి "సెలెక్ట్ అయిపోనావు, లెటర్ వారంలో వస్తాది" అన్నారు. ఆ సంబరంలో ఆ పూటే మా మేనేజర్ దగ్గరకెళ్లి చెప్పీసాను. ఆయన మంచోడు, చెయ్యి కలిపినాడు. వారం కాస్తా నెలైంది. తర్వాత కొత్త ఫర్నేస్ ఇప్పుడు వెయ్యట్లేదని కబురొచ్చింది. అప్పటికే నా పక్కన ఒక కుర్రాణ్ణి పెట్టీసినారు, నా పని నేర్చుకోడానికి.

నన్నెవరూ ఒక్క మాట అనలేదు. కానీ ఆ ఏడాది ట్రైనింగ్‌కి పంపిన లిస్టులో నా పేరు లేదు. అడిగితే "నువ్వెలాగూ వెళ్లిపోతావు కదా" అన్నారు. అప్పటికి మా పాప పుట్టి మూడు నెలలు. ఇంట్లో ఈ సంగతి చెప్పడానికి నాకు నోరు రాలేదు. ఆ పేరు పోవడానికి రెండేళ్లు పట్టింది.

నీ సార్ మంచోడే, కాదనను. కానీ ఆయన మీద ఇంకో సార్ ఉంటాడు కదా. ఆడిట్ ముందు మనిషి వెళ్లిపోతున్నాదని తెలిసాక పైకి చెప్పకుండా ఉంటే అది ఆయన తప్పవుతాది. చెప్తే నీకు నష్టం. నువ్విప్పుడు చెప్పడమంటే ఆయన నెత్తిన ఆ బరువు పెట్టడమే. ఖాయం అయ్యాకే చెప్పు.

కోట జంక్షన్ టీచర్

బొబ్బిలి తమ్ముడు పడ్డ బాధ అర్థమైంది. కాని ఒక్కోసారి ఖాయం కాకముందే చెప్పక తప్పదు. నాకదే జరిగింది.

విజయనగరంలో ఒక ప్రైవేటు స్కూల్లో తొమ్మిదేళ్లు లెక్కలు చెప్పాను. 2025 మెగా డీఎస్సీలో 16,347 పోస్టులు కదా, అందులో నా ర్యాంకుకి ఆగస్టు చివర్లో సర్టిఫికెట్ల పరిశీలనకి పిలుపొచ్చింది. పిలుపొచ్చినంత మాత్రాన ఉద్యోగం వచ్చినట్టు కాదు. ఏ కాగితంలో తేడా ఉన్నా పేరు పక్కకి పోతుంది. కానీ నా టెన్త్ నుంచి బీఎడ్ దాకా ఒరిజినల్స్ అన్నీ స్కూలు బీరువాలో ఉన్నాయి. చేరినరోజు తీసుకుని పెట్టుకున్నారు. అప్పుడు నాకు 23 ఏళ్లు, ఎందుకని అడగడం తెలీలేదు.

బ్యాంకు లోనుకి కావాలని చెప్పి తెచ్చుకోమన్నారు తోటి టీచర్లు. రేపు సెలెక్ట్ అయితే ఆయన ముఖం ఎలా చూడను? కరస్పాండెంట్ గారి దగ్గరకెళ్లి ఉన్నదున్నట్టు చెప్పాను. "ఇది పరిశీలన వరకేనండి. వస్తే పదో తరగతి పిల్లలకి ఎక్కడిదాకా చెప్పానో రాసిచ్చి వెళ్తాను. రాకపోతే ఇక్కడే ఉంటాను" అన్నాను. రెండు రోజులు తిప్పించుకుని మూడోరోజు ఇచ్చారు. సెప్టెంబరు 25న నియామక పత్రం చేతికి వచ్చేదాకా రాజీనామా మాత్రం రాయలేదు. ఆ నెల్లాళ్లూ స్టాఫ్‌రూంలో నేను వెళ్తే మాటలు ఆగిపోయేవి. అది ఓర్చుకోవాల్సొచ్చింది.

లావేరు అమ్మాయీ, నీకు ఆ అవసరం లేదు కాబట్టి ఆగమనే అంటాను. కాని నీ ఒరిజినల్స్ ఎవరి దగ్గరున్నాయో ఈ రాత్రే చూసుకో. ఓడీకి ఈ వారమే దరఖాస్తు పెట్టు.

రాజాం నుంచి హెచ్‌ఆర్

సొంతూరు రాజాం, విశాఖలో ఒక తయారీ కంపెనీలో హెచ్‌ఆర్ చేస్తున్నాను. ఇలాంటి లెటర్లు నేనే పంపుతుంటాను కాబట్టి అటువైపు ఎలా జరుగుతుందో చెప్తాను.

నీ మూడు షరతులూ ఒక రకం కావమ్మా. మెడికల్, చదువు వెరిఫికేషన్ నువ్వు రిజైన్ చెయ్యకుండానే అయిపోతాయి. రిలీవింగ్ లెటర్ మాత్రం రిజైన్ చేసి 60 రోజులు పనిచేస్తే గాని రాదు. అంటే ఆఫర్ నూటికి నూరుపాళ్లు ఖాయమయ్యాక రిజైన్ చేద్దామనుకుంటే ఆ రోజు ఎప్పటికీ రాదు. మొదటి రెండూ తేలిన రోజే నీ రోజు.

అందుకని రేపే కొత్త కంపెనీకి మెయిల్ పెట్టు. "మెడికల్, చదువు వెరిఫికేషన్ ముందు పూర్తి చెయ్యండి. రెండూ అయ్యాయని మీ మెయిల్ వచ్చిన రోజు రిజైన్ చేస్తాను. నా నోటీసు 60 రోజులు. మీ మెయిల్ ఆలస్యమైతే చేరే తేదీ కూడా అన్ని రోజులు జరపండి" అని రాయి. ఇలా రాస్తే ఆఫర్ పోతుందని భయపడకు. మాకు వచ్చే మెయిళ్లలో సగం ఇవే, రాసినవాళ్ల మీద నాకు గౌరవమే పెరుగుతుంది. ఫోన్లో "అయిపోయిందిలే, రిజైన్ చేసెయ్" అంటే మాత్రం కదలకు, మెయిల్‌లో రావాలి. రిజైన్ ఒకసారి యాక్సెప్ట్ అయ్యాక వెనక్కి తీసుకోవాలంటే మీ కంపెనీ ఒప్పుకోవాలి.

వెరిఫికేషన్ ఫారంలో "ఇప్పటి కంపెనీని సంప్రదించవచ్చా" అని ఒక గడి ఉంటుంది. ఇప్పుడు వద్దు, రిలీవ్ అయ్యాక సంప్రదించండి అని రాయి. అది చూడకుండా నింపి, వెరిఫికేషన్ చేసే ఏజెన్సీ మెయిల్ వల్ల వాళ్ల సార్‌కి ముందే తెలిసిపోయిన పిల్లలు ఉన్నారు. ఓడీ లేకపోతే ప్రొవిజనల్ సర్టిఫికెట్, మార్కుల మెమోలు, ఓడీకి కట్టిన ఫీజు రసీదు కలిపి పంపు. మా దగ్గరైతే ఒప్పుకుంటాం, వాళ్లనీ అడుగు.

గ్రాట్యుటీ లెక్క, నీ బేసిక్ మీదే చూస్తే: 14,000ని 26తో భాగించి 15తో, మళ్లీ 5 ఏళ్లతో హెచ్చిస్తే 40,385 రూపాయలు. నోటీసు రోజులు కూడా సర్వీసులోకే వస్తాయి, అయినా జూలైకి 5 ఏళ్లు నిండవు. అయిదో ఏడులో 240 రోజులు పనిచేస్తే ఏడాది కిందే లెక్క అని మద్రాసు హైకోర్టు తీర్పు ఒకటుంది. జూలై మధ్యకి నీకు ఆ 240 దాటుతాయి. కొన్ని కంపెనీలు ఇస్తాయి, కొన్ని 5 ఏళ్లు నిండాల్సిందే అంటాయి. ఇప్పుడు మాత్రం మీ హెచ్‌ఆర్‌ని ఈ సంగతి అడగొద్దు. అడిగితే వెళ్తున్నావని నీ నోటితో నువ్వే చెప్పినట్టు. రిజైన్ పెట్టాక అడుగు. ఒకవేళ రాకపోయినా, నెలకి 11 వేలు ఎక్కువొస్తుంటే నాలుగు నెలల్లో తీరిపోతుంది.

పీఎఫ్ డ్రా చెయ్యకు, అదే యూఏఎన్ (నీ పీఎఫ్ నంబరు) మీద ట్రాన్స్‌ఫర్ పెట్టుకో. రిలీవ్ అయ్యాక పోర్టల్‌లో వెళ్లిన తేదీ పడిందో లేదో చూసుకో. కంపెనీ వెయ్యకపోతే రెండు నెలల తర్వాత నువ్వే వేసుకోవచ్చు.

ఒక్కటి మర్చిపోకు. ముందు సార్‌కి ఎదురుగా చెప్పి, ఆ తర్వాతే మెయిల్ పెట్టు. ఆయనకి ఈ కబురు హెచ్‌ఆర్ నుంచి తెలియకూడదు.

బొబ్బిలి ఫర్నేస్

మెడికల్‌కి సెలవు ఏటని పెడతావు చెల్లీ? అబద్ధం రాయకు, తర్వాత అదొక్కటే అందరికీ గుర్తుంటాది.

లావేరు కెమిస్ట్ (మే 18)

అన్నా, సీఎల్ ఫారంలో "సొంత పని" అని రాశాను. సార్ ఏం పని అని అడగలేదు, సంతకం పెట్టేశారు. అడిగుంటే ఏం చెప్పేదాన్నో నాకు తెలీదు.

మెయిల్ రాజాం మేడం చెప్పినట్టే పెట్టాను. మర్నాడే జవాబిచ్చారు. 8వ తేదీన గాజువాకలో మెడికల్ అయింది. యూనివర్సిటీకి వెళ్లి ఓడీకి ఫీజు కట్టి రసీదు పంపాను. ఒరిజినల్స్ మా ఇంట్లో ట్రంకుపెట్టెలోనే ఉన్నాయి టీచర్ గారూ, ఆ రాత్రే తీసి చూసుకున్నాను. శుక్రవారం 15న సాయంత్రం "మెడికల్ ఫిట్, చదువు వెరిఫికేషన్ పూర్తి" అని మెయిల్ వచ్చింది.

శనివారం షిఫ్ట్ అయ్యాక ఇన్‌స్ట్రుమెంట్ రూంలో సార్ ఒక్కరే ఉన్నప్పుడు చెప్పాను. ముందు ఏమీ మాట్లాడలేదు. లాగ్‌బుక్‌లో సంతకం పూర్తి చేసి పెన్ను జేబులో పెట్టుకున్నారు. "ఎప్పుడు తెలిసింది?" అన్నారు. ఏప్రిల్ 30 అని చెప్పాను. "రెండు వారాలు ముందు తెలిస్తే నాకు బాగుండేదమ్మా" అన్నారు. మెడికల్ కాలేదు సార్, పోతుందేమోనని భయపడ్డాను అన్నాను. ఆయన అవునూ అనలేదు, కాదూ అనలేదు. ఇంటికొచ్చి ఆ రాత్రి అన్నం సరిగా తినలేకపోయాను. ఆఫర్ పోయి ఉంటే నేనేమయ్యేదాన్నో ఆయనకీ తెలుసు, నాకూ తెలుసు. అయినా ఆయన అన్నది కూడా నిజమే.

ఈరోజు పొద్దున్న మెయిల్ పెట్టాను. ఆఖరి రోజు జూలై 17, శుక్రవారం. గ్రాట్యుటీ సంగతి హెడ్ ఆఫీసు వాళ్లని అడిగి చెప్తామన్నారు. సార్ మధ్యాహ్నం పిలిచి, కిందటేడు చేరిన జూనియర్ అమ్మాయిని నా పక్కన కూర్చోబెట్టారు. ఆడిట్‌కి అడిగే మూడు మెథడ్లు ముందు నేర్పమన్నారు. రేపటి నుంచి ఇద్దరం ఫస్ట్ షిఫ్టే. ఆ అమ్మాయికి ఇంకా పంపు ప్రైమ్ చెయ్యాలంటేనే (లోపలి గాలి తీసెయ్యడం) భయం. రేపు అక్కడి నుంచే మొదలుపెడతాను.