గాల్ బ్లాడర్ ఆపరేషన్: సాయంత్రానికే ఇంటికి పంపించేస్తామంటున్నారు, ఒప్పుకోవాలా?

అవనిగడ్డ_అబ్బాయి
మా అమ్మకి 56 ఏళ్లు. గాల్ బ్లాడర్‌లో రాళ్లు. రెండుసార్లు రాత్రి భోజనం అయ్యాక కుడి డొక్కలో పట్టేసి మెలికలు తిరిగిపోయింది. మొదట గ్యాస్ అనుకుని సోడా తాగించాం. స్కానింగ్‌లో బయటపడింది. విజయవాడలో చూపిస్తే పొద్దున చేర్చుకుని లాప్రోస్కోపీ చేసి, సాయంత్రం పంపించేస్తాం అంటున్నారు. నాన్నేమో "కడుపులో ఒక అవయవం తీసేసి పన్ను పీకినట్టు అదే రోజు పంపడమేంట్రా" అని ఒకటే గొడవ. అమ్మకి షుగర్ ఉంది, మాత్రలతో కంట్రోల్‌లోనే ఉంది. ఒక రాత్రి ఉంచమని పట్టుబట్టాలా?

కొత్తపేట_రాజు
పట్టుబట్టండి. మా ఆవిడని పోయినేడాది ఏడింటికి డిశ్చార్జ్ చేశారు. పదింటికి వాంతులు మొదలు. వేసిన నొప్పి మాత్ర వేసినట్టే బయటికొచ్చేసింది. పదకొండున్నరకి మళ్లీ క్యాజువాలిటీకి పరిగెడితే అక్కడున్న కుర్ర డాక్టర్‌కి ఫైలే దొరకలేదు. కారిడార్‌లో ప్లాస్టిక్ కుర్చీలో గంటన్నర కూర్చోబెట్టారు, కుట్లు పట్టుకుని. మంచం ఖాళీ చేయించుకోవడానికే ఈ డేకేర్ అంతా.

డల్లాస్_కోడలు
ఇక్కడ ఇది మామూలే అండి. నాకు పొద్దున ఏడున్నరకి తీసుకెళ్లి రెండింటికల్లా ఇంటికి పంపేశారు. కారెక్కేటప్పుడు నర్సు చేతిలో ఒక చిన్న దిండు పెట్టింది, సీటు బెల్టుకీ పొట్టకీ మధ్య పెట్టుకోమని. మన రోడ్ల మీద స్పీడ్ బ్రేకర్లకి అది ఇంకా అవసరం. దగ్గినా, నవ్వినా ఆ దిండే అదుముకున్నాను. మూడో రోజుకి వంటింట్లో ఉన్నాను. రాత్రంతా పక్క మంచం పేషెంట్ దగ్గు, నాలుగింటికి బీపీ చూసేవాళ్లు... ఆ నిద్ర కంటే ఇంట్లో నిద్రే నయం.

కొత్తపేట_రాజు
మీకు 911 ఉంది మేడమ్. మాకు ఆదివారం రాత్రి ఫోనెత్తే దిక్కు లేదు.

ఓటీ_సిస్టర్
పదమూడేళ్లుగా ఆపరేషన్ థియేటర్‌లోనే నా డ్యూటీ, అందుకే ఇంత రాస్తున్నాను. రాజు గారి కోపం న్యాయమే. కానీ తప్పు డేకేర్‌ది కాదు, వాంతి భయం తీరకముందే పంపేసినవాళ్లది. మా దగ్గర పేషెంట్ నీళ్లు తాగి నిలుపుకోవాలి, లేచి నడిచి బాత్‌రూమ్‌కి వెళ్లి మూత్రం పోవాలి (మత్తు వల్ల కొందరికి బిగుసుకుపోతుంది), నొప్పి ఇంజెక్షన్ లేకుండా మాత్రతో ఆగాలి. ఇందులో ఒక్కటి కుదరకపోయినా ఆ రాత్రి అక్కడే. మధ్యాహ్నం మూడింటికి థియేటర్‌లోకి వెళ్లిన కేసుకి డేకేర్ అనే మాటే ఎత్తం.

మీ నాన్నగారి భయం "లోపల ఏదైనా అయితే" అనే కదా? రక్తస్రావం లాంటివి చాలావరకు మొదటి కొన్ని గంటల్లోనే తెలుస్తాయి, అందుకే సాయంత్రం దాకా కూర్చోబెట్టేది. పైత్యరసం లీకయితే మాత్రం సాధారణంగా మొదటి రాత్రి తెలియదు. రెండు మూడు రోజులకో, వారానికో తెలుస్తుంది. అంటే ఒక రాత్రి ఉంచుకున్నా దొరకదు. జ్వరం, కళ్లు పచ్చబడటం, తగ్గాల్సిన కడుపునొప్పి పెరగడం, ఆగని వాంతులు: వీటిలో ఏది కనిపించినా రేపు చూద్దాం అనుకోకుండా వెంటనే రండి.

ఇంకొకటి. రాత్రిపూట మాకు వచ్చే ఫోన్లలో ఎక్కువ కడుపు గురించి కావు, భుజం గురించి. "సిస్టర్, కుడి భుజం లాగేస్తోంది, గుండెపోటా?" అని ఏడుస్తారు. లోపల చోటు కోసం పొట్టని కార్బన్ డయాక్సైడ్‌తో ఉబ్బిస్తారు. కొంచెం గ్యాస్ డయాఫ్రమ్ (ఛాతీకీ పొట్టకీ మధ్య ఉండే పొర) కింద మిగిలిపోతుంది. ఆ పొరకి వెళ్లే నరం, భుజం నరం మెడలో ఒకే చోట బయల్దేరతాయి కాబట్టి నొప్పి భుజంలో తెలుస్తుంది. ఇంట్లో నాలుగడుగులు నడిస్తే రెండు మూడు రోజుల్లో పోతుంది. ఛాతీలో బరువు, ఆయాసం కూడా ఉంటే అది వేరే సంగతి, వెంటనే ఆస్పత్రికి రావాలి.

లోపల అంటుకుపోయి ఉంటే నాలుగు చిన్న గాట్లతో కుదరక పెద్ద కోత పెట్టాల్సి రావచ్చు. అప్పుడు కొన్ని రోజులు ఉండాల్సిందే. ఆ సంతకం ముందే తీసుకుంటారు, చదివి పెట్టండి.

క్లెయిమ్_కష్టాలు
డబ్బు సంగతి. 24 గంటలు ఉంటేనే ఇన్సూరెన్స్ వస్తుందని చాలామంది అనవసరంగా రాత్రి ఉంటున్నారు. డేకేర్ చికిత్సలకి ఆ రూల్ లేదు. మీ పాలసీ కాగితంలో ఒకసారి చూసుకుని, క్యాష్‌లెస్ అనుమతి ముందే పెట్టించండి.

ముసలి_మాస్టారు
మా అన్నగారికి 1986లో ఇదే ఆపరేషన్. డొక్క కింద జానెడు కోత, పది రోజులు ఆస్పత్రిలో. కాలం మారింది, ఒప్పుకుంటాను. కానీ పథ్యం మాటేమిటి? పప్పు తింటే చీము పడుతుందనేవారు.

ఓటీ_సిస్టర్
పప్పు తినొచ్చు మాస్టారూ, చీముకీ పప్పుకీ సంబంధం లేదు. పైత్యరసం తయారయ్యేది కాలేయంలో. చేప కోసేటప్పుడు పగలకుండా తీసేస్తారే చేదుకట్టు, అది దాచుకునే సంచి మాత్రమే. అది పోయాక రసం నేరుగా పేగులోకి జారుతుంది. అందుకే కొందరికి కొన్ని వారాలు నూనె వంటలు తింటే విరేచనాలవుతాయి. వేపుళ్లు, బిర్యానీ కొన్నాళ్లు తగ్గిస్తే చాలు.

కొత్తపేట_రాజు
సరే సిస్టర్, అన్నీ ఒప్పుకున్నాను. కానీ విజయవాడ నుంచి అవనిగడ్డ అరవై కిలోమీటర్ల పైమాటే. రాత్రి పదింటికి వాంతులయితే?

ఓటీ_సిస్టర్
ఇది మాత్రం నేనూ ఒప్పుకుంటాను. ఆ దూరం వెళ్లేటట్టయితే రాత్రి ఉంచమనే చెప్తాను. ఊళ్లోనే ఎవరింట్లోనైనా ఉండి, పక్కన ఒక మనిషి, కింద ఒక బండి ఉంటే సాయంత్రం వెళ్లిపోవచ్చు. ఫైల్ జిరాక్స్, సర్జన్ నంబర్ మీ చేతిలో ఉండాలి.

అవనిగడ్డ_అబ్బాయి
నాన్నకి అంతా చదివి వినిపించాను. పటమటలో పిన్ని ఇల్లుంది, ఆస్పత్రికి పది నిమిషాలు. నాలుగు రోజులు అక్కడే ఉంటాం. మొదటి కేసుగా తీసుకోకపోతే ఆ రోజు చేయించేది లేదని నాన్న షరతు. ఆ పొద్దున షుగర్ మాత్ర వేయాలా వద్దా అన్నది మత్తు డాక్టర్‌ని అడుగుతాను. ఒక్కటే సందేహం, పిన్ని వాళ్లది రెండో అంతస్తు, లిఫ్ట్ లేదు.

ఓటీ_సిస్టర్
ఎక్కొచ్చు, మెల్లగా, రెయిలింగ్ పట్టుకుని. మీరు ఆవిడ వెనక నడవండి. దిండు మర్చిపోకండి.