కుందేటి కొమ్ము: అరుదైనదా, అసలు లేనిదా?

‘అలాంటి మనిషి ఈ రోజుల్లో కుందేటి కొమ్మే’ అన్న వాక్యం చూపించి, అరుదైనవాడనే కదా అర్థం అని ఒక మిత్రుడు అడిగారు. నా మట్టుకు ఆ వాడుక సరికాదు. అరుదైనది వెదికితే ఎక్కడో ఒకచోట దొరుకుతుంది. కుందేటికి కొమ్మే ఉండదు. మెచ్చుకోబోయి, అలాంటి మనిషే లేడని చెప్పినట్టయింది.

మనలో చాలామందికి ఈ మాట బడిలో చదివిన పద్యంతోనే పరిచయం. భర్తృహరి శ్లోకంలోని శశవిషాణాన్ని ఏనుగు లక్ష్మణకవి ‘తిరిగి కుందేటికొమ్ము సాధింపవచ్చు’ అని తెలుగు చేశాడు. ఈ ‘తిరిగి’కి ‘మళ్ళీ’ అని అర్థం చెప్పేవారున్నారు. మూలంలో ఉన్నది ‘పర్యటన్’, అంటే ఊళ్ళూ అడవులూ పట్టి తిరిగి అని. కుందేలు ‘కుందేటి’ కావడం, తాబేలు ‘తాబేటి’ అయినట్టే, ఔపవిభక్తికం, అంటే విభక్తి చేరేముందు మాట చివర వచ్చే మార్పు.

పద్యంలోని వరుస చూడండి. మొదట ఇసుకలో తైలం, తరువాత ఎండమావిలో నీరు, ఆ పైన కొమ్ము. నూనె లేకపోయినా పిండడానికి చేతిలో ఇసుకైనా ఉంది. ఎండమావిలో నీరు చేతికి అందకపోయినా కంటికి కనిపిస్తుంది. కుందేటి కొమ్ము కంటికి కూడా కనిపించదు. అద్వైతులు తాడులో తోచిన పామును మిథ్య (ఉన్నట్టు తోచేదే కానీ నిజం కానిది) అన్నారు, కుందేటి కొమ్మును తుచ్ఛం (తోచనైనా తోచనిది, బొత్తిగా లేనిది) అన్నారు, తేడా ఇదే. ఇవన్నీ సాధించినా మూర్ఖుల మనసు మెప్పించలేమన్న మాటకు బలం ఈ మెట్ల వల్లే వచ్చింది. కొమ్మును ‘అరుదు’కు దించితే పై మెట్టు విరిగిపోతుంది.

అసాధ్యం నుంచి అరుదుకు జారిన మాటలు లేవా అంటే ఉన్నాయి. శశవిషాణంతో జంటగా చెప్పే గగనకుసుమంలో, అంటే ఆకాశంలో పూసిన పువ్వు అన్న మాటలో, పువ్వు రాలిపోయి ‘గగనం’ మిగిలిందని నా నమ్మకం. ‘వేసవిలో మా వీధికి నీళ్ల ట్యాంకరు రావడం గగనం’ అంటే అసలు రాదని ఎవరూ అనుకోరు, బిందెలు వరుసలో పెట్టి ఎదురుచూస్తూనే ఉంటారు.

రోమన్ కవి జువెనల్ ఏ లోపమూ లేని భార్యను ‘నల్ల హంసలాంటి అరుదైన పక్షి’ అన్నాడు. అక్కడివారు అలాంటి హంసను చూసి ఎరుగరు. 1697లో డచ్చి నావికుడు వ్లామింగ్ బృందానికి పశ్చిమ ఆస్ట్రేలియాలో నల్ల హంసలు నిజంగానే కనిపించాయి. కుందేలుకు అలాంటి రోజు రాలేదు. అమెరికా కుందేళ్ళ ముఖం మీద కొమ్ముల్లా పెరిగేవాటికి కారణం ఒక వైరస్ అని 1933లో రిచర్డ్ షోప్ చూపించాడు కానీ, అవి చర్మం మీది కణితులు, కొమ్ములు కావు.

మిత్రుడు చూపిన వాక్యానికి ‘అలాంటి మనిషి ఈ రోజుల్లో దొరకడం గగనం’ అంటే సరిపోతుంది.