నల్ల ఆల్బం పేజీ నుంచి పాత పోస్టుకార్డులు, గిరి గారి కవరు విడదీయడం ఎలా?

నమస్కారమండీ. మాది విజయనగరం. ఓ పాత ఆల్బంలో పిక్చర్ పోస్టుకార్డులతో పాటు 1974 ఆగస్టు 24న రాష్ట్రపతి వి.వి. గిరి గారి పదవీ విరమణకు వేసిన 25 పైసల తపాలా బిళ్లతో ఫస్ట్ డే కవరు (బిళ్ల విడుదలైన రోజు ముద్ర పడిన కవరు) ఉంది. 1952లో పాతపట్నం నుంచి లోక్‌సభకు గెలిచిన మనిషి కదా, మన జిల్లాల సేకరణలో ఇది చెడకూడదు.

అన్నిటినీ మైదా జిగురుతో నల్ల పేజీకి అంటించేశారు. పొడి వేడికి మైదా మెత్తబడదు, హెయిర్ డ్రయర్ దండగ. నీళ్లలో వేస్తే ఫౌంటెన్ పెన్ సిరా కారిపోతుంది, పోస్టల్ ముద్ర కూడా కారొచ్చు, నల్ల కాగితం రంగు కార్డు వెనక్కి పాకుతుంది. పదిరెట్ల భూతద్దంలో అచ్చు చుక్కలు కనబడనివి చాలావరకు అసలు ఫొటో కార్డులు. వాటి జెలటిన్ పొర తడికి ఉబ్బి, దేనికి తగిలితే దానికి అతుక్కుంటుంది. పేజీనే చుట్టూ కత్తిరించి ఉంచొచ్చు గానీ, తేదీ ముద్రా చిరునామా వెనకే ఉంటాయి, అవి చూడకుండా కార్డు కాలం తేల్చలేం.

పేజీ వెనక నుంచి మిథైల్ సెల్యులోజ్ (నీళ్లలో కలిపితే జెల్లీలా అయ్యే పొడి) గుజ్జు పూసి, పొరలు పొరలుగా కాగితాన్ని గీకే పద్ధతి చేసినవాళ్లు చెప్పండి: గుజ్జు ఎంత చిక్కగా ఉండాలి, ఎన్ని నిమిషాలకు తీసేయాలి, నల్లరంగు దిగకుండా మధ్యలో ఏం పెట్టాలి? ఫొటో కార్డులకు ఇది అసలు పనికొస్తుందా?

ఇంకోటి, పీవీసీ కవర్లు మన ఉక్కకు కార్డుకు అతుక్కుపోతాయి. పాలిప్రొపిలీన్ లేదా పాలిస్టర్ కవర్లు విశాఖలో విడిగా ఎక్కడ దొరుకుతాయి?