ఉత్పలమాలకు ఆ నంబరు ఎవరిచ్చారు?

పద్యప్రియ: ఛందస్సు పుస్తకాల్లో ఉత్పలమాల పక్కన ‘కృతి ఛందస్సులో 355799వ వృత్తం’ అని ఉంటుంది. భరనభభరవ బట్టీపట్టాం, పదో అక్షరం యతి అనీ తెలుసు. ఈ అంకె ఎక్కడిదండీ? ముందున్న 355798 వృత్తాలూ ఎవరైనా కూర్చుని రాశారా?

కోడుగుడ్డు: రాయక్కర్లేదండీ. మా కంప్యూటర్ వాళ్ళం పొద్దస్తమానం చేసే లెక్కే ఇది. పాదానికి 20 అక్షరాలు, ఒక్కోటీ గురువో లఘువో. మొత్తం 10,48,576 వృత్తాలు. అన్నీ గురువులైతే ఒకటోది, అన్నీ లఘువులైతే ఆఖరిది. మధ్యలో దేని నంబరు కావాలన్నా మొదటి అక్షరం నెత్తిన 1 వేసి, 2, 4, 8 అని రెట్టిస్తూ పోండి. లఘువుల మీద పడ్డ అంకెలు కూడి, ఒకటి కలపండి.
భగణం చూడండి: గురువు, లఘువు, లఘువు. లఘువుల మీద 2, 4 పడ్డాయి. కూడితే 6, ఒకటి కలిపితే 7. మూడక్షరాల గణాల మయరసతజభన వరసలో ‘భ’ ఏడోదే కదా! ఉత్పలమాలకు ఇలాగే చేశాను, సరిగ్గా 355799. అచ్చంగా బైనరీ. బరువు మోసే గురువుకి సున్నా, తేలిగ్గా తిరిగే లఘువుకి ఒకటి. మా ఆఫీసు అప్రైజల్ కూడా ఇంతే.

బందరు మేష్టారు: నాయనా, దీన్ని మేం ఉద్దిష్టం అంటాం. నంబరిస్తే వృత్తాన్ని పట్టుకొచ్చేది నష్టం. ఛందశ్శాస్త్రం రాసిన పింగళుడు చెప్పిన నష్టం పద్ధతి ఇదీ: సంఖ్య సరిగ్గా సగమైతే సగం చేసి లఘువు రాయి, కాకపోతే ఒకటి కలిపి సగం చేసి గురువు రాయి, పాదం నిండేదాకా ఇలాగే చెయ్యి. జర్మన్ గణితవేత్త లైబ్నిట్జ్ బైనరీ వ్యాసం 1703 నాటిది, పింగళుడు క్రీస్తుకు ముందువాడంటారు. (బ్యాంకులో పనిచేసే మా బావమరిదికి ఇది చెబితే, ‘పద్యాల్లో కూడా నష్టమేనా బావా’ అన్నాడు.)
సరే, ఇంకోటి. చంపకమాల, పాదానికి 21 అక్షరాలుండే ప్రకృతి ఛందస్సులో 711600వది. ఉత్పలమాల మొదటి గురువుని రెండు లఘువులుగా విరిస్తే చంపకమాల అని క్లాసులో చెబుతాం కదా. 355799కి ఒకటి కలిపి రెట్టించి చూడు.

కోడుగుడ్డు: మేష్టారూ!! 711600 వచ్చింది. అవును, రావాలి కూడా. మొదటి గురువుని లఘువు చేస్తే నంబరు ఒకటి పెరుగుతుంది, దాని ముందు ఇంకో లఘువు తగిలిస్తే రెట్టింపవుతుంది. ఇన్నాళ్ళూ క్లాసులో ఎవరూ ఇలా చెప్పలేదేం?

బందరు మేష్టారు: లెక్కల మేష్టారు మా పీరియడ్ కూడా తనే తీసేసుకునేవాడు, ఎప్పుడు చెప్పను?

పద్యప్రియ: నేనూ ఒకటి పట్టుకున్నా. శార్దూలం 149337. ఒకటి కలిపి రెట్టిస్తే 298676. పుస్తకం తీసి చూస్తే అది మత్తేభం నంబరు! మొదటి గురువుని రెండు లఘువులు చేస్తే పులి కాస్తా ఏనుగైపోయిందండీ.

కోడుగుడ్డు: గురువు ఒకరు తగ్గారు కదా. అదుపు చేసేవాళ్ళు లేకే మదమెక్కింది.