చంద్రపూర్‌ల దారుబంది ఓడిందా, ఓడగొట్టిండ్రా?

రాజురా ఆడబిడ్డ:
మహారాష్ట్రల మా చంద్రపూర్ దారుబంది, అంటే మందు అమ్ముడు బంద్, దాని గురించి మొన్న ఈడ ఒకాయన రాసిండు: "చంద్రపూర్ జిల్లాల ఆరేండ్లు దారు బంద్ పెట్టి సూసిండ్రు, పని చెయ్యలే, ఎత్తేసిండ్రు. ఉద్యమాలతోని తాగుడు మారదు" అని. ఆ మాట నాకు మింగుడు పడుతలేదు.

2010 డిసెంబర్‌ల శ్రమిక్ ఎల్గార్ అనే సంఘం ఆడోళ్లు తమ నాయకురాలు పరోమితా గోస్వామి ఎంబడి, దారు బంద్ చెయ్యాలని చిమూర్ నుంచి నాగ్‌పూర్ దాకా నడిచిండ్రు. ఎన్నేండ్లు తండ్లాడితే 2015 ఏప్రిల్ 1 నుంచి బంద్ అయింది? 2021 మేల సర్కారు ఎత్తేసింది. దొంగ దారు పెరిగింది, నేరాలు పెరిగినయి, రాబడి పోయింది అన్నరు. దొంగ దారు ఆపుడు ఎవరి పని? నడిచిన ఆడోళ్లదా? ఆపాల్సినోళ్లు ఆపకుండనే "ఆగుతలేదు" అని ఎత్తేస్తే, అది ఉద్యమం ఓడినట్టు ఎట్లయితది?

బల్లార్షా తమ్ముడు:
అక్కా, మా గల్లీల ఏమైందో చెప్త. క్వార్టర్ ధర రెండింతలైంది. తాగేటోడు మానలే, ఇంట్ల బియ్యానికి పెట్టిన పైసలు గూడ గండ్లనే పోయినయి. తెలంగాణల ఉన్న సిర్పూర్ దిక్కు నుంచి వచ్చే బండ్లల్ల సీసాలు దిగేటియి. మోసింది ఎవరు? బడి పిల్లలు. పైన లెక్కల పుస్తకం, దాని కింద తువ్వాలల చుట్టిన సీసాలు. పట్టుబడ్డది గూడ వాళ్లే, సరుకు పంపినోడు కాదు. మీ ఉద్యమం మంచిదే, కాని దాని బరువు మోసింది బీదోళ్ల పిల్లలు. గీ సంగతి మీటింగులల్ల ఎవరూ మాట్లాడరు.

సిరొంచ నుంచి:
మీ పక్క జిల్లా, మా గడ్చిరోలిల 1993 నుంచే దారు బంద్. గోదావరి మీద వంతెన దాటితే కాళేశ్వరం, ఆ ఒడ్డున తెలంగాణ చట్టం, ఈ ఒడ్డున ఇంకోటి. ఒక్క పోలీసుల మీద ఇడిస్తే ఎన్నడూ ఆగదు, తమ్ముడు చెప్పింది నిజం.

అయితే మా ఊళ్లె ఆడోళ్లే కమిటీ కట్టుకున్నరు. గుడుంబ కోసం నానబెట్టిన కుండలు ఏ వాగు పొంటి పూడ్చిపెడ్తరో పోలీసుకు తెల్వదు, కట్టెలకు పోయే ఆడోళ్లకు తెలుస్తది. కట్టెతోని పొడుసుకుంట పోతరు, మెత్తగ దిగినకాడ తవ్వి పారబోస్తరు. గోండుల పూజకు కాసుకునే ఇప్పసారా జోలికి మాత్రం పోరు, అమ్మేదాన్నే పట్టుకుంటరు.

ఇగ దెబ్బ ఎటు నుంచి వస్తదంటే, సొంత ఇంట్లకెళ్లి. అమ్మేటోడు పరాయోడు కాదు, మరిది అయితడు, మేనబావ అయితడు. పెండ్లికి పిలువరు. బోరింగు కాడ మాట్లాడరు. రాత్రిపూట ఇంటి మీద రాళ్లు పడ్తయి. ఉద్యమం అంటే లాఠీలు, కేసులే అనుకుంటం గాని, ఊళ్లె ఆడమనిషి నోరు మూయించేది ఈ వెలివేతే. దీన్ని తట్టుకునే బలం ఎట్ల ఇయ్యాలె? నన్నడిగితే అసలు చర్చ అది.

నెల్లూరు పుట్టిల్లు, చంద్రపూర్ అత్తిల్లు:
మా దూబగుంట సంగతి కూడా చూడండి. 1992లో ఆడవాళ్లు సారా వేలంపాటలు అడ్డుకున్నారు. 1993 అక్టోబర్‌లో సారా నిషేధం వచ్చింది. 1995 జనవరిలో ఎన్టీఆర్ మద్యమంతా బంద్ చేశారు, 1997లో చంద్రబాబు సడలించారు. అప్పుడూ రాబడి మాటే, దొంగ రవాణా మాటే. కానీ ఆడవాళ్లు ముందు అడిగింది సారా పోవాలని. ప్రభుత్వ సారా దుకాణం మళ్లీ రాలేదు కదా. అంతా పోయిందని ఎలా అంటాం?

రాజురా ఆడబిడ్డ:
తమ్ముడూ, పిల్లల గురించి నువ్వన్నదానికి నేను అడ్డం మాట్లాడ. పంపినోడిని ఇడిసిపెట్టి పిల్లలను పట్టుకున్న పద్ధతి మీదనే నా కోపం గూడ.

జిల్లా మొత్తం బంద్ కాకున్నా, దుకాణం మూయించే తొవ్వ ఇంకోటి ఉన్నది. మహారాష్ట్రల ఒక ఊరో వార్డో ఆడ ఓటర్లల్ల నాలుగో వంతు మంది సంతకాలు పెడితే ఓటింగ్ పెడ్తరు. చీటీ మీద రెండు బొమ్మలు: నిలబడ్డ సీసా, పడుకున్న సీసా. ఆడ్వీ బాట్లీ, అంటే పడుకున్న సీసా, గెలిస్తే దుకాణం మూతే. కని మెలిక సూడు, వచ్చినోళ్లల్ల సగం గాదు, లిస్టుల ఉన్న ఆడోళ్లందరిల సగం కంటె ఎక్కువ మంది పడుకున్న సీసాకు ఎయ్యాలె. ఇంట్ల కూసున్న ఓటు దుకాణానికి పడ్డట్టే. అందుకే దుకాణపోడు ఓట్లు అడగనక్కర లేదు, ఆడోళ్లు గడప దాటకుండ చేస్తే చాలు.

బల్లార్షా తమ్ముడు:
మా వార్డు లిస్టుల పెండ్లయి పోయినోళ్ల పేర్లు, సచ్చిపోయినోళ్ల పేర్లు ఇంక అట్లనే ఉన్నయి. వాళ్లను గూడ లెక్కల పడ్తరా?

రాజురా ఆడబిడ్డ:
లిస్టుల పేరుంటే లెక్కల ఉన్నట్టే. గందుకే సంతకాల కంటె ముందుగాల ఆ పేర్లు తీపియ్యాలె. లిస్టు తెచ్చుకో, మీ అమ్మోళ్లను ఎంబడి పెట్టుకొని ఇల్లిల్లు తిరుగు. అర్జీ నేను రాసిపెడ్త.