ప్లాస్మా నైట్రైడింగ్‌లో బోన్ ప్లేట్ రంధ్రాల చుట్టూ ముదురు వలయాలు

గ్రేడ్ 23 టైటానియం (6 శాతం అల్యూమినియం, 4 శాతం వెనేడియం) బోన్ ప్లేట్ (విరిగిన ఎముకను స్క్రూలతో బిగించే పలక) శాంపిళ్లకు ప్లాస్మా నైట్రైడింగ్ (అయాన్లుగా మారిన నైట్రోజన్‌తో లోహపు పైపొరను గట్టిపరచడం) చేస్తున్నాను. 750 డిగ్రీల సెల్సియస్, 6 గంటలు, నైట్రోజన్ 3 పాళ్లకు హైడ్రోజన్ 1 పాలు, పీడనం 4 మిల్లీబార్. ముందు అరగంట ఆర్గాన్‌తో స్పట్టర్ క్లీనింగ్ (అయాన్ల తాకిడితో ఉపరితలాన్ని శుభ్రం చేయడం).

చదును భాగం చక్కటి బంగారు రంగులో వస్తోంది. 100 గ్రాముల లోడ్ మీద కాఠిన్యం 340 నుంచి 850 విక్కర్స్‌కు పెరిగింది. చిక్కంతా 4.5 మి.మీ. స్క్రూ రంధ్రాల దగ్గరే. ప్రతిదాని చుట్టూ 2 మి.మీ. వెడల్పున ముదురు గోధుమరంగు వలయం, అంచు పెచ్చులూడుతోంది. రన్ మొదలైన 40 నిమిషాలకు రంధ్రాల్లో తెల్లటి మెరుపు కిటికీలోంచి కనిపిస్తోంది. హాలో క్యాథోడ్ ప్రభావమే (ఇరుకు రంధ్రంలో ప్లాస్మా చిక్కబడి అక్కడ అతిగా వేడెక్కడం) అనుకుంటున్నాను. ఉష్ణోగ్రత కొలిచే థర్మోకపుల్ మాత్రం 750 దాటలేదు (అది ప్లేటు చివర ఉంది లెండి, అంత నమ్మలేను).

పీడనం 2.5కు తగ్గిస్తే చిన్న రంధ్రాల్లో మెరుపు తగ్గి, పెద్ద స్లాట్లలో మొదలైంది. పల్స్ డ్యూటీ (ప్రతి పల్స్‌లో కరెంటు ఆన్‌లో ఉండే వంతు) 70 నుంచి 50 శాతానికి దించితే వేడి 700 దగ్గరే ఆగిపోయింది. టైటానియం పిన్నులతో మూస్తే వలయం పోయింది గానీ, స్క్రూ రాపిడి తగిలే లోపలి గోడకే పొర రాలేదు.

ఇలాంటి రంధ్రాలున్న టైటానియం భాగాలకు యాక్టివ్ స్క్రీన్ (ప్లాస్మాను భాగం మీద కాకుండా చుట్టూ ఉన్న లోహపు జాలి మీద రగిలించే పద్ధతి) వాడినవాళ్లెవరైనా ఉంటే చెప్పండి: వలయం రాకుండా లోపలి గోడకూ పొర వచ్చిందా?